క్రైస్తవ కీర్తనలలో ఓదార్పు, హెచ్చరిక



ఈ పూట నేను మాటలాడబోవు విషయము మన క్రైస్తవ సోదరుల దేవాలయములలో పాడబడు తెలుగు కీర్తనలు. నేను ఆ మతమున పుట్టినవాడను కాను. చిన్ననాట నాకు అమరమును, రఘువంశమును చెప్పిన గురువులు వేరొక సంప్రదాయమువారు. అయినను ముప్పదియేండ్లు ఏలూరు, కైకలూరు, తాడేపల్లిగూడెము చుట్టుపట్ల పాఠశాలలలో తెలుగు చెప్పితిని. నాయొద్ద చదువుకొన్న పిల్లలలో అనేకులు ఆదివారము ఈ కీర్తనలు పాడి సోమవారము తరగతికి వచ్చినవారు. నాలుగు పాదముల పద్యమును అప్పగింపుమన్న మొరాయించు బాలుడు పది చరణముల కీర్తనను తడబడక పాడుచుండెను. ఇది నాకు మొదట చిన్నతనముగా తోచినది. పిమ్మట ఆశ్చర్యముగా తోచినది. ఆ ఆశ్చర్యమే నాచేత ఆ పుస్తకమును తెరపించినది.

ఆ పుస్తకమునకు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అని పేరు. తెరచినంతనే మనవంటివారికి పరిచయమైన సంగతులే కనబడును. ప్రతి పాటకు పైని రాగము, తాళము వ్రాయబడియుండును: ఆనందభైరవి, శంకరాభరణము, మోహన, ముఖారి, నాదనామక్రియ, ఆది, రూపకము, చాపు. పల్లవియు, అనుపల్లవియు, చరణములును ఉండును. పాట క్రింద కర్త పేరుండును. అధ్యాత్మ రామాయణ కీర్తనలు పాడిన ఇంటివానికి ఇది పరాయి పుస్తకము కాదు.

మంచి కీర్తన ఏదైనను పాడువానికి రెండు పనులు చేయును. పడియున్నవానిని లేవదీయును, నిలుచున్నవానిని జాగ్రత్తపడుమనును. ఓదార్పు మాత్రమే వినువాడు నిద్రపోవును. హెచ్చరిక మాత్రమే వినువాడు లేచి పారిపోవును. ఈ రెండును ఒకే పాటలో, ఒకే గొంతున ఎట్లు ఇమిడినవో చెప్పుటయే నా ఉద్దేశము.

ముందు చరిత్ర కొంచెము. 1836లో ఇంగ్లండునుండి బయలుదేరి వచ్చిన బౌడెన్, బీర్ అను ఇరువురు తమ కుటుంబములతో తరువాత నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో స్థిరపడిరి. 1841లో బందరునకు నోబుల్, ఫాక్సు అను చర్చి మిషనరీ సంఘమువారు వచ్చిరి. ఆ సంఘపు పని 1854లో ఏలూరునకు చేరినది. వారు తమ దేశపు పాటలను, తమ దేశపు వరుసలను వెంటతెచ్చిరి. ఆ వరుసలకు తెలుగు మాటలు కూర్చినప్పుడు ఏమగునో తెలుగు చెప్పువానికి వేరుగా చెప్పనక్కరలేదు. దీర్ఘము ఉండవలసినచోట హ్రస్వము, హ్రస్వము ఉండవలసినచోట సాగదీత; మాట విరిగి అర్థము చెడును. పాడువారి భక్తిలో లోపము లేదు. చెప్పు కాలికి కుదరలేదు, అంతే.

కాలికి కుదురు చెప్పు కుట్టినవారిలో ముందు చెప్పదగినవాడు పురుషోత్తమ చౌదరి. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను, 1833లో క్రైస్తవ మతమును స్వీకరించెను, 1890లో మరణించెను. నూటికి పైగా కీర్తనలు రచించెను. ఆయనకు భాష వచ్చును, రాగము వచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, మనవారు తమ మనస్సుతో తాము మాటలాడుకొను పద్ధతి వచ్చును. ఆయన తరువాత పులిపాక జగన్నాథము మొదలగువారు ఆ దారినే నడచిరి. 1912లో దోర్నకలు బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయుడైన వేదనాయకము శామ్యూలు అజరయ్య, 1945లో తాను మరణించువరకును గ్రామసంఘములలో ఈ దేశపు పాటనే ప్రోత్సహించెను. దోర్నకలులో ఆయన కట్టించిన దేవాలయమును చూచినవారు దాని స్తంభములలోను, గుమ్మటములలోను అదే బుద్ధిని కాంచగలరు.

ఇక ఈ పాటలు ఎవరి నోటికి చేరినవో చెప్పవలెను. ఈ సంగతి పెద్దలు కొందరికి వినసొంపుగా నుండదు. అయినను చెప్పక తప్పదు. కృష్ణా గోదావరీ మండలములలో క్రైస్తవులైనవారిలో అధిక సంఖ్యాకులు మాలపల్లెలవారు, మాదిగ గూడెములవారు. గుడి ధ్వజస్తంభమువరకైనను రానీయనివారికి ఆనందభైరవి ఎవరు నేర్పుదురు? భజనమందిరము గుమ్మములో కూర్చుండనీయనివారికి తాళము ఎవరు చెప్పుదురు? సంగీతము చదువువలెనే ఊరి నడుమ కంచె వేసికొని కూర్చున్నది. ఆ కంచె దాటి, తాటియాకు కప్పు క్రింద, కిరసనాయిలు దీపము చుట్టు, ముఖారి రాగము అక్షరము రానివారి గొంతున పలికినది ఈ కీర్తనలవలననే. ఉపదేశి ఒక చరణమందు ఒక పాదము పాడును. జనులు దానిని తిరిగి పాడుదురు. అట్లు పది దినములలో పాట కంఠస్థము, పాటతోపాటు కథ కంఠస్థము, కథతోపాటు ధర్మము కంఠస్థము. అక్షరము పిల్లల కాలమున వచ్చినది. పాట అంతకుముందే వచ్చియుండెను. గుర్రము జాషువా కవి ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినప్పుడు పండితులు కొందరు ముక్కున వ్రేలు వేసికొనిరి. ఆ తెలుగు ఎక్కడనుండి వచ్చినదని అబ్బురపడిన వారు ఆదివారమునాడు పల్లెలో అరగంట నిలుచుండి వినియుండిన, అంత అబ్బురపడి యుండరు.

ఇప్పుడు కీర్తన నిర్మాణమునకు వత్తము. పల్లవి మరల మరల వచ్చునది. చరణములు ముందుకు పోవునవి. పలు కీర్తనలలో పల్లవి ఆశ్రయమును చెప్పును: దేవుడు దగ్గర ఉన్నాడనియో, రమ్మని పిలుచుచున్నాడనియో. చరణములు పాడువాని నడతను ఒక్కొక్కటిగా ఎత్తి చూపును: గర్వము, లోభము, రేపు చూచుకొందములెమ్మను సోమరితనము, పొరుగువానిపై పగ. ప్రతి చరణము ముగియగానే పాడువాడు పల్లవికి తిరిగి రావలెను. మొదటిసారి పాడిన పల్లవియు, నాలుగవ చరణము తరువాత పాడిన పల్లవియు అక్షరములలో ఒక్కటియే. అర్థమున ఒక్కటి కావు. మొదట అది ఎవరైనను చెప్పగల మంచిమాట. తన తప్పు తన నోట విన్న తరువాత అదే మాట క్షమాపణమగును. చరణము లేని పల్లవి ఆకలి లేనివానికి వడ్డించిన విస్తరి వంటిది.

ఓదార్పును గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు; దానిని ఎరుగనివారు లేరు. మరణము సంభవించిన ఇంట తెల్లవార్లు కీర్తనలు పాడుట ఈ ప్రాంతపు క్రైస్తవులలో ఆచారము. శవము ప్రక్కన మౌనము భరింపరానిదై యున్నప్పుడు ఒక ముసలివాడు పాట ఎత్తుకొనును, పదిమంది అందుకొందురు. ఏడ్చుచున్న తల్లియు రెండవ చరణమునకు గొంతు కలుపును. కొల్లేటిలోనికి వచ్చు ఏరులు, కాలువలు, మురుగు డ్రెయిన్లు కలిసి 60కి పైగా నున్నవి. సముద్రమునకు పోవుదారి ఉప్పుటేరొక్కటియే. అది పూడినచో లంకలన్నియు మునుగును. దుఃఖమునకును అట్టి దారి యొకటి కావలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచి, ఆ నీరు కొల్లేటికి దిగి లంకగ్రామములను చుట్టుముట్టినప్పుడు పడవలమీద ఇల్లు విడిచిపోయినవారు తమతమ దేవుళ్లను పాటలతోనే పిలిచిరి. అప్పుడు ఎవరి పాట ఎవరిదని ఎవరును అడుగలేదు.

బైబులులో ఈ ఓదార్పునకు గొప్ప దృష్టాంత మొకటి కలదు. అపొస్తలుల కార్యములలో పదునారవ అధ్యాయము చూడుడు. పౌలు, సీల అను ఇరువురిని ఫిలిప్పీ పట్టణమున బెత్తములతో కొట్టి, కాళ్లకు బొండ వేసి చెరసాలలో త్రోసిరి. నడిరేయి వారు పాడుచుండిరి. తక్కిన ఖైదీలు వినుచుండిరి. మనకు ఈ దృశ్యము కొత్తది కాదు. గోలకొండ చెరసాలలో కంచెర్ల గోపన్న పాడలేదా? చెరసాలకును పాటకును ఏదో చుట్టరికమున్నట్లున్నది.

ఆ చుట్టరికము సముద్రము ఆవలను కలదు. అమెరికాలో బానిసలుగా అమ్ముడుపోయిన నీగ్రో జాతివారికి చదువు నిషేధము, ఇల్లు లేదు, బిడ్డ తన బిడ్డయను నమ్మకము లేదు. వారికి మిగిలినవి పాటలు. బానిసత్వము పోయిన తరువాత నాష్‌విల్ పట్టణమున వారి బిడ్డలకై స్థాపించిన ఫిస్కు విద్యాశాల అప్పులపాలైనది. 1871లో అక్కడి విద్యార్థులు కొందరు తమ తాతల పాటలు ఊరూర పాడి ధనము కూర్చుటకు బయలుదేరిరి, 1873లో విక్టోరియా రాణి యెదుటను పాడిరి, విద్యాశాల నిలిచినది. ఆ పాటలలో మోషే కథయు, ఫరో కథయు విరివిగా వచ్చును. పాడిన బానిసకు అది విడుదల కబురు. పొలము గట్టున నిలిచి విను యజమానునికి, చెవులున్నచో, అది హెచ్చరిక. ఒకే పాట ఇరువురికి రెండు విధములుగా తగిలినది.

ఆ పరంపరలోనే సువార్త సంగీతమని నేడు లోకమంతయు పిలుచు పద్ధతిని తీర్చిదిద్దినవాడు థామస్ డార్సీ. 1932లో ఆయన భార్య ప్రసవమున మరణించెను. పుట్టిన బిడ్డయు దక్కలేదు. ఆ దుఃఖమున ఆయన తన చేయి పట్టుకొని నడిపింపుమని దేవుని వేడుకొను పాట యొకటి కట్టెను. దానిని 1968లో మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియలందు మహాలియా జాక్సన్ పాడెను. భార్యాబిడ్డలను పోగొట్టుకొన్న ఒకని మొర ముప్పదియారేండ్ల తరువాత ఒక జాతి మొర యయ్యెను.

హెచ్చరిక సంగతి ఇంతకంటె చిక్కైనది. అందుచేత దానిమీద కొంతసేపు నిలిచెదను.

హెచ్చరించు పాటను చెడగొట్టుట బహు సులభము. ‘ఓరీ పాపీ’ అని ఎదుటివానిని వ్రేలెత్తి చూపినచో అది తిట్టగును. మన శతకములలోను అట్టి పద్యములు లేకపోలేదు. మంచి కీర్తనకారులు ఏమి చేసిరనగా, ఎదుటివానిని విడిచి తమ మనస్సును పిలిచిరి. త్యాగరాజస్వామి మనస్సును సంబోధించినట్లే వీరును సంబోధించిరి. ‘ఓ మనసా, నీవెందుకిట్లు నిద్రించుచున్నావు’ అను ధోరణి. పాడువాడు ఎవరినో కాక తననే అడుగుకొనుచున్నాడు. ప్రక్కనున్నవాడును పాడుచున్నాడు గనుక అతడును తననే అడుగుకొనుచున్నాడు. నూరుమంది కూడి పాడినను ఒక్కనివైపైనను వ్రేలు చాపబడదు.

మా పాఠశాల వంటశాలలో పనిచేసిన ముసలమ్మ యొకతె ఉండెడిది. చదువు లేదు, రెండువందల కీర్తనలకు పైగా వచ్చును. పప్పు చెరుగుచు పాడుకొనెడిది. ఒకనాడు నేను, ‘అమ్మా, నీవు పాడు పాటలో తిట్లే ఎక్కువగా నున్నవి, నీకు బాధగా నుండదా?’ అని అడిగితిని. ఆమె చేట ఆపకుండనే, ‘పాట నన్ను తిట్టదండీ మేష్టారూ, నా నోటితోటే నన్ను తిట్టిస్తాది. ఇంకోళ్లు తిడితే ఊరుకుంటానా?’ అనెను. అలంకారశాస్త్రమున కాంతాసమ్మితమని చదివి, చెప్పి, ప్రశ్నపత్రములలో అడిగిన నాకు ఆ మాట యింత తేటగా ఎన్నడును పట్టుబడలేదు.

పౌలు కొలొస్సయి సంఘమునకు వ్రాసిన పత్రికలో మూడవ అధ్యాయమున, కీర్తనలచేతను పాటలచేతను ఒకరికొకరు బోధించుకొనుడనియు, బుద్ధి చెప్పుకొనుడనియు ఉన్నది. కాబట్టి బుద్ధి చెప్పుట పాట విధులలో నొకటియని వారి శాస్త్రమే విధించినది. ద్వితీయోపదేశకాండమున ముప్పదియొకటవ అధ్యాయము ఇంకను దూరము పోవును. అక్కడ దేవుడు మోషేను ఒక పాట వ్రాసి జనులకు నేర్పుమనును. ఎందుకు? వారు సుఖపడి, కడుపునిండి, తన్ను మరచిపోయిన దినమున ఆ పాట వారి పిల్లల నోట మిగిలియుండి వారిమీద సాక్ష్యము పలుకుటకు! పాట సాక్షి యగుట మన ఆలంకారికులు ఎవరును తలపని ప్రయోజనము. శాసనము రాతిమీద నుండును, దాని దారిన పోవనివాడు చదువడు. పాట మనుమడి నోట నుండును, తాత వినకతప్పదు.

ఇట్టి సాక్ష్యము కొల్లేటివారికి తగిలిన విధమొకటి చెప్పెదను. లూకా సువార్త పండ్రెండవ అధ్యాయమున ధనవంతుని ఉపమానము కలదు. పంట విస్తారముగా పండగా అతడు పాత కొట్లు పడగొట్టి పెద్దవి కట్టించి, ఇక ననేక సంవత్సరములు తిని త్రాగి సుఖించెదననుకొనెను. ఆ రాత్రియే ప్రాణము పోయెను. ఈ కథను చెప్పు చరణములు పలు కీర్తనలలో నున్నవి. మన లంకలలోను పాడుదురు. పాడుచుండగనే చేపలచెరువుల గట్లు ఏటికేడు సరస్సు లోనికి జరిగినవి. అందులో క్రైస్తవులు, హిందువులు అను భేదము లేదు. డబ్బునకు మతము లేదు. 1999లో అయిదవ కాంటూరువరకు కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో ప్రభుత్వమువారు ఆ పరిధిలోని చెరువుల గట్లను యంత్రములతో తెగగొట్టించిరి. పెట్టుబడి పెట్టిన పెద్దలతోపాటు కూలికి పోయిన పేదలును నష్టపోయిరి. వారి కష్టము కష్టమే. ఆ వేసవిలో ఒక గ్రామపు సంఘపెద్ద నాతో, ‘ఆ కొట్ల పాట ఇరువదియేండ్లు పాడితిమి మేష్టారూ. కొట్లంటే వడ్ల కొట్లనుకొంటిమి’ అని ఊరకుండెను. నేనును ఊరకుంటిని.

యెహెజ్కేలు ప్రవక్త గ్రంథమున ముప్పదిమూడవ అధ్యాయమును పెద్దలు ఒకసారి చదివించుకొని వినవలెను. మొదట కావలివాని సంగతి వచ్చును. శత్రువు వచ్చుట చూచి బూర ఊదని కావలివాడు చచ్చినవారి రక్తమునకు ఉత్తరవాది. వానకాలపు రాత్రి గట్టుమీద లాంతరుతో తిరిగి, గండి పడునని తోచినంతనే కేక వేయువాని బాధ్యత ఎట్టిదో కొల్లేటివారికి వ్యాఖ్యానము అక్కరలేదు. ఆ అధ్యాయపు చివర మరియొక మాట కలదు, అది నన్ను నిలువదీసినది. జనులు ప్రవక్త మాటలు వినుటకు గుంపులుగా వత్తురట. కమ్మని గొంతుగలవాడు వాద్యముతో పాడు పాటను విన్నట్లు విందురట. విని, దాని ప్రకారము చేయరట. అనగా హెచ్చరికయే పాటగా మారిపోయి, పాట వినోదముగా మారిపోయిన దుస్థితి. ఆమోసు ప్రవక్త మరింత కఠినుడు. న్యాయము ఎండిపోయిన ఊరిలో భజన చప్పుడు దేవునికి కర్ణకఠోరమని అతని తాత్పర్యము.

ఈ దృష్టితో నేటి పాటలను గూర్చి ఒక మాట. కాలము మారినది, వాద్యములు మారినవి. ఎలక్ట్రిక్ కీబోర్డులు, డ్రమ్ములు వచ్చినవి; పల్లెలోని పిల్లవాడు సెల్‌ఫోనులో హైదరాబాదులో పాడిన పాటను ఆ వారమే నేర్చుకొనును. నేను రాగముకొరకు పట్టుబట్టువాడను కాను. కొత్త వరుసలలో మనస్సును కదల్చునవి కలవు. పాత కీర్తనలలో కొల్లేటి చాంతాడువలె సాగి విసుగు పుట్టించునవియు కలవు. నా ఫిర్యాదు మాటలమీద. అనేక కొత్త పాటలు మేలు కలుగుననియు, విజయము వచ్చుననియు, కన్నీరు తుడువబడుననియు చెప్పి ఊరకుండును. ఎవరి కన్నీటికి నేను కారణమైతినో అడుగవు. చరణములు కలవు గాని అవియు పల్లవి చెప్పినదే చెప్పును. పాడువాడు బయలుదేరినచోటనే తిరుగును. మైకు చప్పుడు మాత్రము నాలుగు ఊళ్లకు వినిపించును. మన గుళ్లమీది మైకులకును ఇదే వర్తించును గనుక ఎవరిని ఎత్తిపొడిచినట్లు భావింపకుడు.

పాత పాటలకును ఒక ముప్పు వచ్చినది, అది కంటికి కనబడనిది. ఆరాధనకు సమయము చాలదని ఆరు చరణముల కీర్తనలో రెండు పాడి ముగించుచున్నారు. ఏ రెండు? నేను ఆలకించినంతవరకు మొదటిదియు, చివరిదియు. మొదటిది పిలుపు, చివరిది పరలోకము. లోభమును, పగను, వాయిదాను ప్రశ్నించు చరణములు నడుమ నుండును. అవియే జారిపోవుచున్నవి. ఎవరును కావలెనని తీసివేయుట లేదు, గడియారము తీసివేయుచున్నది. ఇట్లు ఇరువదియేండ్లు గడచిన ఆ చరణములు పుస్తకమున నుండును గాని నోట నుండవు. నోట లేనిది సాక్ష్యము పలుకజాలదు.

ఈస్టరుకు ముందు వచ్చు నలువది శ్రమదినములలో మన గ్రామములందు సాయంకాలము ఇంటింట కూడికలు జరుగును. అక్కడ గడియారపు తొందర కొంత తక్కువ. సంఘపెద్దలు ఆ కూడికలలో దినమునకొక కీర్తననైనను చరణము విడువక పాడించుట మంచిదని నా మనవి. ఊరిలో డెబ్బది యెనుబదియేండ్ల అమ్మలు ఇంకను కొందరున్నారు. వారికి పుస్తకము అక్కరలేదు. మనుమనిని ప్రక్కన కూర్చుండబెట్టి, నాలుగవ చరణము అడిగి, నోటుపుస్తకములో వ్రాయించుడు. ఆ పిల్లవాడు వ్రాయుచు ఏ మాట దగ్గర ఆగి అర్థమడుగునో అక్కడ మీరును కొంచెము ఆగుడు.